గొంతు క్యాన్సర్‌కు సిస్‌ప్లాటిన్: మొదటి డోసుకు ముందే చెవి పరీక్ష ఎందుకు, ఎలా

#1 · కాక్లియా_మిత్ర

తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు తీసుకునేవాళ్లు ఆడియాలజీ (వినికిడి పరీక్ష) గదికి వచ్చేసరికి చాలాసార్లు రెండు డోసులు పడిపోయి ఉంటాయి. అప్పటికే చెవిలో హోరు, ఎదుటివాళ్ల మాట సగమే అందుతుంది. ఆ రోజు తీసిన ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష గీతలో) 6000 హెర్ట్జ్ దగ్గర 55 డెసిబెల్ కనబడిందనుకోండి (అంకె ఎంత పెరిగితే వినికిడి అంత తగ్గినట్టు). అది మందు చేసిన పనా, ఏళ్ల తరబడి రైస్ మిల్లు చప్పుడులో పనిచేసినందువల్లా, వయసుతో వచ్చిందా? తేల్చడానికి పోల్చుకునే కాగితం లేదు. ఆ కాగితం లేకుండా డోసు గురించి ఆంకాలజిస్టుతో ఏం మాట్లాడతాం?

పరీక్ష ముప్పావు గంట పని, ఖర్చూ పెద్దది కాదు. పళ్ల డాక్టర్ దగ్గరికి, ఫీడింగ్ ట్యూబ్ కోసం పంపుతున్నట్టే చెవి పరీక్షకూ మొదటి వారంలోనే పంపాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆంకాలజీ, రేడియేషన్, ఫార్మసీ వైపు నుంచి మీ అనుభవంతో ఖచ్చితమైన వివరాలు రాయండి. జూనియర్లకు పనికొచ్చేలా ఉండాలి.

#2 · పీజీ_ఈఎన్‌టీ

మేడమ్, బేసిక్ సందేహం. రక్తంలోకి ఎక్కించే మందు ఒళ్లంతా తిరుగుతుంది కదా, చెవి మీదే ఎందుకు ఇంత కక్ష? పైగా కీమో ఆపాక కూడా వినికిడి తగ్గుతూ పోవడం కొన్ని కేసుల్లో చూస్తున్నాం.

#3 · ల్యాబ్_నోట్స్

రెండు ప్రశ్నలకూ దాదాపు ఒకటే జవాబు. మిగతా అవయవాల నుంచి సిస్‌ప్లాటిన్ రోజుల్లో, వారాల్లో బయటికి పోతుంది. లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే వినికిడి అవయవం, అంటే కాక్లియా నుంచి పోదు. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ డెఫ్‌నెస్ పరిశోధకులు 2017లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఈ విషయం ప్రచురించారు. ఎలుకల్లోనూ, చనిపోయిన పేషెంట్ల కాక్లియాలోనూ ప్లాటినమ్‌ను కొలిచి చూస్తే, కీమో అయిన నెలలు, ఏళ్ల తర్వాత కూడా అక్కడే ఉంది. ఎక్కువగా పేరుకున్నది స్ట్రియా వాస్క్యులారిస్‌లో. లోపలి చెవి ద్రవానికి పొటాషియం అందించి విద్యుత్ శక్తి నిలబెట్టే పొర అది. అందుకే ఆపిన తర్వాతా నష్టం సాగుతుంది.

కణం లోపల జరిగేది ఇది. మందు ఓసీటీ2, సీటీఆర్1 లాంటి ద్వారాల గుండా దూరుతుంది. డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. నాక్స్3 అనే ఎంజైమ్ ఆక్సిజన్ రాడికల్స్‌ను కుమ్మరిస్తుంది. ఈ ఎంజైమ్ ఒంట్లో మరెక్కడా లేనంతగా లోపలి చెవిలోనే ఉంటుంది. ముందుగా పోయేవి శబ్దాన్ని పట్టే రోమ కణాల్లో బయటి వరుసలవి, అవీ కాక్లియా అడుగు మలుపులో ఉన్నవి. సన్నని, హెచ్చు పౌనఃపున్య ధ్వనులను పట్టేది ఆ మలుపే. నష్టం అక్కణ్నుంచి పైకి, అంటే మాటలు ఉండే 4000, 3000, 2000 హెర్ట్జ్ వైపు పాకుతుంది. మనిషి చెవిలో మొత్తం సుమారు 15,000 రోమ కణాలు. పోయినవి మళ్లీ మొలవవు.

#4 · మెడ్‌ఆంకో_వైజాగ్

మంచి చర్చ. ముందు ఒక మాట గట్టిగా చెప్పి మొదలుపెడతాను, తర్వాత అపార్థాలు రాకూడదు. చెవి కోసం క్యాన్సర్ మందును తేలిగ్గా వదులుకోకూడదు.

స్వరపేటిక క్యాన్సర్‌లో సిస్‌ప్లాటిన్ ఏం చేసిందో ఆర్‌టీఓజీ 91-11 అనే ట్రయల్ చెప్పింది. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన ఫలితాలు చూడండి: రెండేళ్లకు స్వరపేటిక మిగిలినవాళ్లు రేడియేషన్‌తో పాటే సిస్‌ప్లాటిన్ తీసుకున్న గ్రూపులో 88 శాతం, ముందు కీమో ఇచ్చి తర్వాత రేడియేషన్ పెట్టినచోట 75, రేడియేషన్ ఒక్కటే అయితే 70. అక్కడి డోసు చదరపు మీటరుకు 100 మి.గ్రా., 1, 22, 43వ రోజుల్లో. గొంతు కోసేయాల్సిన మనిషికి సొంత గొంతు మిగులుతుంది. ఆ బేరంలో 8000 హెర్ట్జ్ పోవడం చాలామంది పేషెంట్లు ఒప్పుకునేదే. ఒప్పుకోవడానికి ముందు వాళ్లకు చెప్పాలి, అంతే.

మందు మార్చేస్తే చాలుగా అనేవాళ్లకు ఇంకో లెక్క. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే గొంతు క్యాన్సర్లో సిస్‌ప్లాటిన్ బదులు సెటుక్సిమాబ్ అనే మందు ఇస్తే ఇబ్బందులు తగ్గుతాయని రెండు పెద్ద ట్రయల్స్ చేశారు. ఆర్‌టీఓజీ 1016లో ఐదేళ్లకు బతికున్నవాళ్లు సిస్‌ప్లాటిన్‌తో 84.6 శాతం, సెటుక్సిమాబ్‌తో 77.9 శాతం. ఆ దారి మూసుకుపోయింది.

#5 · కాక్లియా_మిత్ర

సార్, వదిలేయమని ఎవరూ అనడం లేదు. డోసును ఎలా పంచి ఇవ్వాలి, ఎవరికి మొదటి నుంచే వేరే దారి చూడాలి, ఎక్కడ ఆగి ఆలోచించాలి అన్నదానికి చెవి రిపోర్టు కూడా బల్ల మీద ఉండాలంటున్నాను. మూడు వారాలకోసారి 100, వారానికోసారి 40, ఈ రెండిటి మధ్య చెవికి తేడా ఉంది కదా?

#6 · మెడ్‌ఆంకో_వైజాగ్

ఉంది. ఇక్కడే వివరంగా రాయాలి, ఎందుకంటే "వారానికోసారి" అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు డోసులు తిరుగుతున్నాయి.

ముంబై టాటా మెమోరియల్‌లో 300 మందితో చేసిన ట్రయల్ 2018లో వచ్చింది. వారానికి 30 మి.గ్రా. వర్సెస్ మూడు వారాలకు 100 మి.గ్రా. ఎక్కువమంది ఆపరేషన్ అయ్యాక వచ్చినవాళ్లే. రెండేళ్లకు గొంతు, మెడ ప్రాంతంలో జబ్బు అదుపులో ఉన్నది వారపు గ్రూపులో 58.5 శాతం, మూడు వారాల గ్రూపులో 73.1. అంటే 30 చాలలేదు. విషప్రభావాలు తక్కువే, కానీ జబ్బు తిరగబెట్టింది.

తర్వాత జపాన్ వాళ్ల జేసీఓజీ 1008, 2022లో. ఆపరేషన్ తర్వాత ముప్పు ఎక్కువున్న 261 మంది. ఇక్కడ వారపు డోసు 40. మూడేళ్లకు బతికున్నవాళ్లు వారపు గ్రూపులో 71.6 శాతం, మూడు వారాల గ్రూపులో 59.1. కిడ్నీ, చెవి ఇబ్బందులు కూడా వారపు గ్రూపులోనే తక్కువ. ఆపరేషన్ లేకుండా నేరుగా కీమోరేడియేషన్ ఇచ్చేవాళ్లలో మన దేశంలోనే కాన్సర్ట్ ట్రయల్ చేశారు. అక్కడా 40 మి.గ్రా. వెనకబడలేదు.

కాబట్టి చెవి గురించి భయముంటే 40కి మారండి, 30కి కాదు. మొత్తం కలిపి చదరపు మీటరుకు 200 మి.గ్రా. దాటించడం లక్ష్యం. 40 చొప్పున ఐదు వారాలకు అది అందుతుంది. నోటి పూత, రక్త కణాలు పడిపోవడం వల్ల ఒకట్రెండు వారాలు తప్పినా, రేడియేషన్ ఏడు వారాలు ఉంటుంది కనుక సర్దుకోవచ్చు.

వయసు కూడా చూడండి. కీమో కలపడం వల్ల ఐదేళ్లకు బతికేవాళ్ల సంఖ్య సగటున 6.5 శాతం పెరుగుతుందని, చాలా ట్రయల్స్‌ను కలిపి చూసిన ఎంఏసీహెచ్-ఎన్‌సీ విశ్లేషణ. ఆ లాభం వయసుతో తగ్గుతూ 70 దాటాక దాదాపు కనబడదు. 72 ఏళ్ల మనిషికి ఉన్న కొద్ది వినికిడీ పోగొట్టేముందు ఈ అంకె గుర్తుండాలి.

#7 · ఫార్మసీ_బెంచ్

లెక్క ఒకసారి వేసి చూపిస్తాను. ఎత్తు 165 సెం.మీ., బరువు 55 కిలోలు. రెండూ గుణించి 3600తో భాగిస్తే 2.52, దాని వర్గమూలం 1.59 చదరపు మీటర్లు, అదే ఒంటి ఉపరితల వైశాల్యం. 100 డోసు అంటే 159 మి.గ్రా., 40 డోసు అంటే సుమారు 64 మి.గ్రా. వయల్స్ మిల్లీలీటరుకు 1 మి.గ్రా. చొప్పున 10, 50 సైజుల్లో దొరుకుతాయి.

మొదటి వారంలో తూచిన బరువుతోనే ఏడో వారం దాకా డోసు లాగకండి. మింగుడు పడక పేషెంట్ ఆరేడు కిలోలు తగ్గిపోతాడు.

ఇక కిడ్నీ. మందు బయటికి పోయే దారి అదే కనుక కిడ్నీ మందగిస్తే చెవికి మందు ఎక్కువసేపు తగులుతుంది. 58 ఏళ్ల మగ మనిషి, 55 కిలోలు, క్రియాటినిన్ 1.0 ఉంటే క్రియాటినిన్ క్లియరెన్స్, అంటే కిడ్నీ వడపోత వేగం, (140-58)×55 ÷ (72×1.0) = నిమిషానికి దాదాపు 63 మి.లీ. రెండో డోసు తర్వాత క్రియాటినిన్ 1.3 అయింది. చాలా ల్యాబుల రిపోర్టులో ఇది నార్మల్ గడిలోనే పడుతుంది, ఎవరూ గుండ్రంగా చుట్టరు. క్లియరెన్స్ లెక్క వేస్తే 48. పూర్తి డోసుకు పనికిరాని అంకె. క్రియాటినిన్ ఒక్కటే చూసి సంతకం పెట్టడం వల్ల జరిగే నష్టం ఇక్కడే. ఆడవాళ్లకైతే ఆ జవాబును 0.85తో గుణించాలి.

సెలైన్ ఎక్కించడం: మందుకు ముందు ఒక లీటరు నార్మల్ సెలైన్, అందులో పొటాషియం క్లోరైడ్ 20 మిల్లీఈక్వివలెంట్లు (ఒక 10 మి.లీ. ఆంప్యూల్), మెగ్నీషియం సల్ఫేట్ 1 నుంచి 2 గ్రాములు (50 శాతం ద్రావణం 2 మి.లీ. ఆంప్యూల్‌లో 1 గ్రాము), రెండు గంటల్లో. తర్వాత మందు నార్మల్ సెలైన్‌లోనే కలిపి ఒకటి రెండు గంటలు. మళ్లీ ఒక లీటరు. మూత్రం గంటకు 100 మి.లీ. తగ్గకుండా చూడాలి. ఉత్త డెక్స్‌ట్రోజ్‌లో కలపొద్దు, క్లోరైడ్ లేకపోతే మందు విరిగిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, స్ఫటికాలు తేలతాయి. అల్యూమినియం భాగాలున్న సూదులు వాడొద్దు, నల్లగా అవక్షేపం వస్తుంది.

ఒక స్పష్టత కావాలి. ఈ సెలైన్ అంతా నేరుగా కాపాడేది కిడ్నీని. కిడ్నీ బాగుంటే చెవికి పరోక్షంగా మేలు. సెలైన్ బాగా ఎక్కించాం కనుక చెవి భద్రం అనుకోకూడదు.

#8 · ఫార్మసీ_బెంచ్

ముఖ్యమైనది మర్చిపోకుండా విడిగా రాస్తున్నాను: కేస్ షీట్‌లో సిస్‌ప్లాటిన్ పక్కన ఇంకేం రాస్తున్నారో చూడండి.

రక్త కణాలు తగ్గి జ్వరం వస్తే వార్డులో అలవాటుగా అమికాసిన్ రాసేస్తారు. అమికాసిన్, జెంటామైసిన్ రెండూ రోమ కణాలకు విషమే, కిడ్నీకి కూడా. పైపెరాసిలిన్-టాజోబ్యాక్టమ్ లాంటివి పనిచేసే కేసులో వాటి జోలికి పోనవసరం లేదు. కల్చర్‌లో వేరే దారి లేదని తేలితే అప్పుడు వేరు. ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ మూత్రం రావడానికి రివాజుగా ఇచ్చేవాళ్లున్నారు. అదీ చెవికి విషమే, ఒంట్లో నీరు నిలిచినప్పుడు మాత్రమే వాడాలి. నోటి పూత నొప్పికి డైక్లోఫెనాక్ ఇస్తే కిడ్నీ దెబ్బతింటుంది. పారాసిటమాల్, ట్రమడాల్, అవసరమైతే మార్ఫిన్ సిరప్, ఆ వరుసలో వెళ్లండి.

వాంతులు అదుపు చేయకపోతే ఒళ్లు ఎండిపోయి మళ్లీ కిడ్నీకే వస్తుంది. పాలొనోసెట్రాన్ 0.25 మి.గ్రా., అప్రెపిటెంట్, డెక్సామెథాసోన్ 12 మి.గ్రా., రాత్రికి ఓలాంజపిన్ 5 మి.గ్రా. అనే నాలుగింటి కలయిక 100 డోసుకు తప్పనిసరి.

#9 · పీజీ_ఈఎన్‌టీ

అన్నా, కేస్ షీట్ విషయం బాగా చెప్పారు. మా వార్డు గోడకు అంటిస్తాను. మేడమ్, ఇప్పుడు చెవి పరీక్ష విధానం వరుసగా రాస్తారా? మా దగ్గర ఆడియోమీటర్ 8000 హెర్ట్జ్ దాకానే ఉంది.

#10 · కాక్లియా_మిత్ర

రాస్తాను.

మొదటి పరీక్ష కీమోకు ముందే. ఎంత ఆలస్యమైనా మొదటి డోసు పడిన 24 గంటల్లోపు తీయాలని అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్ 1994 మార్గదర్శకాలు. ఆ తర్వాత, 100 డోసుకైతే ప్రతి డోసుకు ముందు. వారపు 40కి రెండు వారాలకోసారి సరిపోతుంది. మందు ఎక్కిన మర్నాడు చేయొద్దు. వికారంతో, నీరసంతో బటన్ నొక్కే తీరు నమ్మలేం. తర్వాతి డోసు ఉదయాన్నే ముందు చేసి, రిపోర్టు డే కేర్‌కు అదే పూట అందాలి. చికిత్స ముగిశాక ఒకసారి, 3, 6, 12 నెలలకు, ఆపైన ఏడాదికోసారి.

గదిలోకి రాగానే ఓటోస్కోప్. గులిమి ఉంటే తీయించాకే ఆడియోగ్రామ్. టింపనోగ్రామ్ (కర్ణభేరి కదలికను చూసే పరీక్ష) ప్రతిసారీ చేయాలి. రేడియేషన్‌లో ఉన్నవాళ్లకు చెవి గొట్టం వాచి కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. అది బీ రకం, అంటే చదునైన గీతగా వస్తుంది. ఎముక ద్వారా తీసిన రీడింగ్ బాగుండి గాలి ద్వారా తగ్గితే తప్పు సిస్‌ప్లాటిన్‌ది కాదు. ఈ ఒక్క అడుగు దాటవేసి మందు ఆపించిన రిపోర్టులు చూస్తే బాధేస్తుంది.

తర్వాత మామూలు పరీక్ష 250 నుంచి 8000 దాకా, మధ్యలో 3000, 6000 కూడా తప్పనిసరి. ఆపైన 9000 నుంచి 16000 దాకా వీలైతే. టీడీహెచ్-39 హెడ్‌ఫోన్లు 8000 దాటితే పనికిరావు. సెన్‌హైజర్ హెచ్‌డీఏ 300, రేడియోఇయర్ డీడీ450 లాంటివి కావాలి, వాటికి తగ్గ కాలిబ్రేషన్ కూడా. అరవై దాటినవాళ్లలో 12000 పైన ఎలాగూ చాలామందికి వినబడదు. అలాంటప్పుడు టైమ్ వృథా చేయకుండా ఆ మనిషికి వినబడే చిట్టచివరి పౌనఃపున్యం పట్టుకుని, అక్కణ్నుంచి కిందికి ఆరు మెట్లు, ఆక్టేవ్‌లో ఆరో వంతు చొప్పున చూడండి. నష్టం ముందుగా కనబడేది ఆ పట్టీలోనే. బాబూ, మీ దగ్గర 8000 దాకానే ఉంటే 4000, 6000, 8000 మీదే శ్రద్ధ పెట్టండి. యంత్రం లేదని పరీక్షే మానేయడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

మంచం దిగలేనివాళ్లకు ఓటోఅకౌస్టిక్ ఎమిషన్స్ (చెవి తిరిగి పంపే సన్నని ధ్వనిని కొలిచే పరీక్ష). బయటి రోమ కణాల స్పందనే కనుక వినికిడి తగ్గకముందే పడిపోతుంది. కర్ణభేరి వెనక నీరుంటే మాత్రం ఈ పరీక్ష పనికిరాదు.

మార్పు ఎప్పుడు నిజమైన మార్పు? ఏదో ఒకచోట 20 డెసిబెల్ పడినా, పక్కపక్కనున్న రెండుచోట్ల 10 చొప్పున పడినా, మొన్న వినబడిన మూడు వరుస పౌనఃపున్యాలు ఇవాళ అసలు వినబడకపోయినా. మళ్లీ ఒకసారి, వీలైతే 24 గంటల్లో, పరీక్షించి ఖాయం చేసుకోవాలి.

ఉదాహరణకు కుడి చెవి. కీమోకు ముందు 4000లో 25, 6000లో 30, 8000లో 40. రెండో డోసుకు ముందు 4000లో 25, 6000లో 45, 8000లో 55. పక్కపక్కన రెండుచోట్ల 15 చొప్పున పడింది. మందు చెవిని తాకిందని అర్థం. పేషెంట్‌ను అడిగితే "బాగానే వినబడుతోందండీ" అంటాడు, ఎందుకంటే మాట ఇంకా చెడలేదు. డాక్టర్ డోసు గురించి ఆలోచించాల్సింది సరిగ్గా ఈ దశలోనే.

#11 · రేడియేషన్_లెక్కలు

రేడియేషన్ వైపు నుంచి. "గొంతు" అని ఒకే మాటలో అంటాం గానీ ఎక్కడి గొంతు అన్నదాన్ని బట్టి చెవికి తగిలే కరెంటు పూర్తిగా మారిపోతుంది.

స్వరతంత్రుల మీద చిన్న టీ1 (తొలి దశ) గడ్డ: 28 సిట్టింగుల్లో 63 గ్రే (రేడియేషన్ డోసు కొలత), చిన్న ఫీల్డ్, సిస్‌ప్లాటిన్ అవసరమే లేదు. చెవికి దూరం. ఈ పేషెంట్లను ఈ చర్చలోని భయాలతో హడలగొట్టొద్దు.

ముదిరిన స్వరపేటిక, హైపోఫారింక్స్: 35 సిట్టింగుల్లో 70 గ్రే. మెడ పైభాగంలో గడ్డలుంటే ఫీల్డ్ పుర్రె అడుగు దాకా వెళ్తుంది, కాక్లియాకు కొంత తగులుతుంది.

ముక్కు వెనక గొంతు, అంటే నాసోఫారింక్స్: కాక్లియా పక్కనే. అత్యంత జాగ్రత్త ఇక్కడే. అంగిలి క్యాన్సర్ నరాల వెంట పైకి పాకితే కూడా ఇదే పరిస్థితి. శ్రీకాకుళం, విశాఖ తీరాన చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్ మనకు తెలిసిందే, వాళ్ల ప్లాన్‌లో కాక్లియా గీయడం మరవొద్దు.

గీయడం గురించి: ప్లానింగ్ సీటీని ఎముక విండోలో తెరవాలి. మెత్తని కణజాలం విండోలో కాక్లియా కనబడదు. మూడు మిల్లీమీటర్ల స్లైసులో అది ఒకట్రెండు ముక్కల్లోనే ఉంటుంది కనుక చెవి ప్రాంతానికి సన్నని స్లైసులు తీయించండి. అంత చిన్న అవయవానికి వాల్యూమ్ లెక్కలు అర్థం లేనివి, సగటు డోసే చూస్తాం. సగటు 45 గ్రే మించకూడదని క్వాంటెక్ (అవయవాలకు రేడియేషన్ పరిమితులు చెప్పే మార్గదర్శకాలు), జాగ్రత్తగా ఉండాలంటే 35 లోపు. సిస్‌ప్లాటిన్ కూడా ఇస్తుంటే నేను 35నే పట్టుకుంటాను. అయితే గడ్డకు వెళ్లాల్సిన డోసును తగ్గించి మాత్రం కాదు.

రెండు నష్టాలకూ తేడా పట్టొచ్చు. సిస్‌ప్లాటిన్ దెబ్బ వారాల్లో, రెండు చెవులకూ దాదాపు సమానంగా. రేడియేషన్ దెబ్బ నెలలు, ఏళ్లు గడిచాక, ఎక్కువ డోసు తగిలిన వైపు.

#12 · ఇంటి_సాయం

ఇంట్లో పేషెంట్‌ను చూసుకునేవాళ్లం ఏం గమనించాలో కూడా చెప్పగలరా? "ఎలా వినబడుతోంది" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు.

#13 · స్పీచ్_థెరపీ_గుంటూరు

మంచి ప్రశ్న అడిగారండీ. వినబడుతోందా అని అడగొద్దు. అచ్చులు బాగానే వినబడతాయి, వాటి బలం తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. కాబట్టి మాట వినబడుతుంది, కానీ ఏ మాటో తెలియదు. ఇలా చేయండి: నిశ్శబ్దంగా ఉన్న గదిలో వెనక నిలబడి, పెదాలు కనబడకుండా, మామూలు గొంతుతో "పప్పు, తప్పు, కప్పు, డప్పు" అని ఒక్కోటి విడిగా అని తిరిగి చెప్పమనండి. మొదటి హల్లు తప్ప మిగతాదంతా ఒకటే. అవి కలగాపులగం అవుతుంటే పరీక్షకు తీసుకెళ్లే సమయం వచ్చినట్టే. స, శ, ఫ లాంటివి ఇంకా ముందే జారిపోతాయి.

మిగతా గుర్తులు: చెవిలో గుయ్యిమని కొత్తగా మోత, థర్మామీటర్ బీప్ వినబడకపోవడం, నలుగురు కూర్చున్నచోట మాట్లాడకుండా ఉండిపోవడం, టీవీ వాల్యూమ్. హోరు మొదలైతే తర్వాతి డోసు దాకా ఆగకుండా అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. డీజే పెళ్లిళ్లు, టపాసులు, పిండిమర చప్పుడు కీమో నెలల్లో, ఆ తర్వాత కూడా కొన్ని నెలలు దూరం పెట్టండి. మందు, చప్పుడు రెండూ అదే కణాల మీద పడతాయి.

#14 · పీజీ_ఈఎన్‌టీ

చెవిని కాపాడే మందులేమైనా వచ్చాయా? సోడియం థయోసల్ఫేట్ అని వింటున్నాం. బయట విటమిన్ ఇ, గింకో, ఎన్-అసిటైల్ సిస్టీన్ అమ్ముతున్నారు.

#15 · ల్యాబ్_నోట్స్

థయోసల్ఫేట్ ఒక్కదానికే గట్టి ఆధారం ఉంది, అదీ పిల్లల్లో. కాలేయ గడ్డ ఉన్న పిల్లలతో చేసిన సియోపెల్ 6 ట్రయల్ 2018లో వచ్చింది: సిస్‌ప్లాటిన్ ఒక్కటే అయితే 63 శాతం పిల్లలకు వినికిడి తగ్గింది, ఆరు గంటల తర్వాత థయోసల్ఫేట్ ఇస్తే 33 శాతానికి. 2022 సెప్టెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ నెల నిండిన పిల్లలకు, జబ్బు వేరే అవయవాలకు పాకని గడ్డలకు మాత్రమే అనుమతించింది. ఆ "పాకని" అన్న షరతు వెనక కారణముంది. ఏసీసీఎల్ 0431 ట్రయల్‌లో చెవికి మేలు జరిగింది (56.4 నుంచి 28.6 శాతానికి), కానీ జబ్బు పాకిన పిల్లల్లో థయోసల్ఫేట్ తీసుకున్నవాళ్లు తక్కువ బతికారు.

ఆరు గంటల ఆలస్యమే ఇందులో కీలకం. థయోసల్ఫేట్ సిస్‌ప్లాటిన్‌ను నేరుగా పట్టుకుని చంపేస్తుంది. గడ్డ మీద పని అయ్యేదాకా ఆగాలి. ఇక్కడే పెద్దల గొంతు క్యాన్సర్‌కు చిక్కు. రోజూ రేడియేషన్ పెడుతూ, గడ్డలో ఉన్న సిస్‌ప్లాటిన్ ఆ కిరణాలకు సాయం చేయాలని కోరుకుంటూ, అదే మందుకు విరుగుడు ఎక్కించడం ఎంతవరకు భద్రమో తేలాలి. నెదర్లాండ్స్‌లో గడ్డకు వెళ్లే ధమనిలోకి సిస్‌ప్లాటిన్, సిరలోకి థయోసల్ఫేట్ ఇచ్చి చూశారు, అది వేరే పద్ధతి. పెద్దలకు ఇది రివాజు వైద్యం కాదు. సయనైడ్ విరుగుడుగా ఫార్మసీలో ఉన్న సీసా తీసి వాడదామన్న ఆలోచన అస్సలు వద్దు, తయారీ, డోసు లెక్క వేరు.

ఆశ పెట్టుకోదగ్గది అటోర్వాస్టాటిన్. 2021లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఇన్వెస్టిగేషన్‌లో తల, మెడ క్యాన్సర్ పేషెంట్లు 277 మందిని చూశారు. కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ వాడుతున్నవాళ్లలో వినికిడి చెప్పుకోదగ్గంత తగ్గింది 9.7 శాతానికి, ఏ స్టాటిన్ వాడనివాళ్లలో 29.4. ఇది గమనించి చెప్పిన లెక్క, చీటీలు తీసి పంచిన ట్రయల్ కాదు. గుండె కోసం ఇప్పటికే వాడుతున్నవాళ్లు కీమో మొదలైందని ఆపకండి. కొత్తగా మొదలుపెట్టడం డాక్టర్ నిర్ణయం.

విటమిన్ ఇ, గింకో, ఎన్-అసిటైల్ సిస్టీన్ ఎవరికి వాళ్లు కొని వేసుకోవద్దు. ఆక్సిజన్ రాడికల్స్‌ను ఆపే మందు చెవిని, గడ్డను వేరుచేసి చూడదు.

#16 · మెడ్‌ఆంకో_వైజాగ్

ఈ చివరి వాక్యాన్ని మా ఓపీడీలో రోజూ చెప్పాల్సి వస్తోంది. ధన్యవాదాలు.

మొదటి ఆడియోగ్రామ్‌లోనే వినికిడి బాగా తగ్గి ఉంటే ఏం చేయాలి అన్నది మిగిలింది. రెండో గ్రేడు దాటిన వినికిడి లోపం, క్లియరెన్స్ 50 లోపు, చేతులు కాళ్లు తిమ్మిర్లు, మంచాన పడ్డ స్థితి: వీటిలో ఏదున్నా సిస్‌ప్లాటిన్‌కు తగరని లెక్క. వాళ్లకు ఉత్త రేడియేషన్ ఇచ్చి పంపాల్సిన అవసరం ఇప్పుడు లేదు. టాటా మెమోరియల్ ట్రయల్ 2023లో వచ్చింది: 356 మంది, రేడియేషన్‌తో పాటు వారానికి చదరపు మీటరుకు 15 మి.గ్రా. డోసిటాక్సెల్. రెండేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు 30.3 నుంచి 42 శాతానికి, బతికున్నవాళ్లు 41.7 నుంచి 50.8కి పెరిగారు. మందు ఖరీదు తక్కువ, చెవికి సిస్‌ప్లాటిన్ లాంటి విషం కాదు. నోటి పూత మాత్రం ఎక్కువ, మొదటి రోజు నుంచే నోటి శుభ్రత, ట్యూబ్ ఆహారం గురించి సిద్ధంగా ఉండాలి.

చికిత్స మధ్యలో చెవి పడితే: పైన మేడమ్ చూపిన 15 డెసిబెల్ మార్పుకు 100 డోసు నుంచి 40కి మార్చి కొనసాగిస్తాను. మూడు వరుస చోట్ల 25 దాటి పడి, అప్పటికే మొత్తం 200 అందితే ఆపుతాను. 200 అందకపోతే పేషెంట్‌ను, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి రెండు వైపులా చెప్పి నిర్ణయం. కార్బోప్లాటిన్ చెవికి మెత్తనే గానీ గొంతు క్యాన్సర్‌లో దానికి సిస్‌ప్లాటిన్‌కున్నంత ఆధారం లేదు.

#17 · స్పీచ్_థెరపీ_గుంటూరు

పోయాక ఏం చేయాలో కూడా రెండు ముక్కలు.

చివరి డోసు అయిన మూడు నెలలకు రీడింగులు నిలకడగా ఉంటే చెవి మిషన్ పెట్టొచ్చు. లోతట్టు ధ్వనులు బాగా వినబడి పైవి పడిపోయిన చెవి కనుక కన్నాన్ని మూసేసే అచ్చు వద్దు, తన గొంతు తనకే డప్పులా మోగుతుంది. తెరిచి ఉండే డోమ్‌తో, రిసీవర్ చెవిలో ఉండే రకం. చెవిలో సన్నని గొట్టం పెట్టి నిజంగా ఎంత శబ్దం అందుతోందో కొలవాలి, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన మొదటి సెట్టింగ్‌తో ఇంటికి పంపొద్దు. 4000 పైన పూర్తిగా పోయినచోట ఆ ధ్వనులను కిందికి దించే సదుపాయం ఆన్ చేసి "స", "శ" తేడా తెలుస్తోందో లేదో చూడాలి.

రేడియేషన్ తగిలిన చెవి కాలువ చర్మం పలుచన, గులిమి గట్టిపడుతుంది. ఆరు నెలలకోసారి ఈఎన్‌టీ శుభ్రం చేయాలి, ఇంట్లో పుల్లలు పెట్టొద్దు. కర్ణభేరి వెనక నీటికి తొందరపడి గ్రోమెట్ (కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టం) వేస్తే రేడియేషన్ చెవిలో నెలల తరబడి చీము కారొచ్చు, ముందు కొన్నాళ్లు వేచి చూడడం మంచిది.

మిషన్ చాలనంత పోతే కాక్లియర్ ఇంప్లాంట్. నరం చాలావరకు మిగిలే ఉంటుంది కనుక పనిచేస్తుంది. కానీ క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూసే ఎమ్మారైకి ఇంప్లాంట్‌లోని అయస్కాంతం అడ్డు. ఎమ్మారైకి తట్టుకునే మోడల్ కావాలని ఆర్డరుకు ముందే రాసివ్వాలి.

స్వరపేటిక తీసేసినవాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. వాల్వ్ పెట్టి అన్నవాహికతో మాట నేర్చుకునేటప్పుడు తన గొంతును తను విని సరిచేసుకోవాలి. చెవి సరిగా లేకపోతే ఆ పాఠమే సాగదు. అలాంటివాళ్లకు చెవి మిషన్ ముందు, వాయిస్ థెరపీ తర్వాత. ఇంట్లో భార్యకో భర్తకో కూడా అదే వారంలో ఒక ఆడియోగ్రామ్ తీయండి. ఆ బొంగురు గొంతును రోజంతా అర్థం చేసుకోవాల్సింది వాళ్లే.

#18 · పీజీ_ఈఎన్‌టీ

మేడమ్, చివరగా ఒకటి. మా దగ్గర సౌండ్‌ప్రూఫ్ గదికి రెండు వారాల వెయిటింగ్. కీమో ఎల్లుండి. ఏం చేయాలి?

#19 · కాక్లియా_మిత్ర

గది కోసం ఆగకండి. వార్డులో అన్నిటికంటే నిశ్శబ్దంగా ఉండే గది, ఫ్యాన్, ఏసీ ఆపి, తలుపు మూసి, చెవి లోపలికి దూర్చే ఇన్సర్ట్ ఇయర్‌ఫోన్లతో పోర్టబుల్ ఆడియోమీటర్. స్పాంజ్ పూర్తిగా లోపలికి వెళ్లాలి, సగం బయట ఉంటే రీడింగ్ తప్పుతుంది. బయటి చప్పుడు పాడుచేసేది ముఖ్యంగా 250, 500 హెర్ట్జ్‌లను. మనకు కావాల్సిన 3000 నుంచి 8000 దాకా అలాంటి గదిలోనూ బాగానే వస్తాయి. కాగితం మీద ఏ గది, ఏ ఇయర్‌ఫోన్, ఏ యంత్రం అని రాసి పెట్టండి, తర్వాతి పరీక్షలు అదే గదిలో, అదే ఇయర్‌ఫోన్‌తో చేయాలి. రేపు ఉదయం తీసేయండి.